డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారి చరిత్రము

పట్టిసీమయొద్ద ఎత్తిపోసిన గోదావరి జలము కాలువవెంట పయనించి వచ్చి 2015వ సంవత్సరమున ఇబ్రహీంపట్నము ఫెర్రీయొద్ద కృష్ణానదిని కలిసెను. ఆ చోటిని జనులు పవిత్రసంగమమని పిలుచుచున్నారు. రెండు నదుల నీరు కలిసిన ఈ గ్రామమున, గోదావరీ మండలమున పుట్టి సముద్రములకు ఆవల తనువు చాలించిన ఒక తెలుగు మహనీయుని చరిత్రమును స్మరించుట సముచితము. ఆయన రాజ్యములను గెలిచినవారు కారు. కావ్యములను రచించినవారును కారు. మానవశరీరములోని కంటికి కానరాని కణముల జమాఖర్చులను జీవితాంతము లెక్కించినవారు. ఆయన నామధేయము డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావు.

సుబ్బారావుగారు 1895వ సంవత్సరము జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించిరి. నాడు ఆ తాలూకా గోదావరి జిల్లాలో చేరియుండెను. 1904లో అది కృష్ణా జిల్లాకు మారెను. 1925లో పశ్చిమగోదావరి జిల్లా ఏర్పడిన పిదప దానిలో చేరెను. కావున కొంతకాలము భీమవరమువారును కృష్ణా జిల్లావారే యనుట తప్పు కాదు. తండ్రి జగన్నాథముగారు రెవెన్యూ శాఖలో ఉద్యోగి. తల్లి వెంకమ్మగారు. సంతానము ఏడుగురు, సుబ్బారావుగారు నాల్గవవారు. సంసారము పెద్దది, సంపాదన చిన్నది.

బాల్యమున ఆయన చదువునందు అగ్రగణ్యులని చెప్పుటకు వీలులేదు. చదువు విడిచి కాశీకి పారిపోయి యాత్రికులకు అరటిపండ్లు అమ్ముకొని ధనము గడింపవలెనని ఒకప్పుడు ఇల్లు వెడలిరనియు, తల్లి వెనుకకు రప్పించెననియు చెప్పుదురు. రాజమహేంద్రవరమున చదువు సాగుచుండగా ఇంట మరణములు, వ్యాధులు వరుసగా వచ్చి మనస్సును కలచివేసెను. చివరకు మదరాసు హిందూ హైస్కూలునుండి మెట్రిక్యులేషను పరీక్షలో మూడవ ప్రయత్నమున ఉత్తీర్ణులైరి. రెండుమారులు తప్పిన బాలుడు లోకమునకు మూడు గొప్ప ఔషధములను ఇచ్చినవాడగునని నాడు ఎవ్వరు ఊహింపగలరు? పరీక్ష తప్పిన పిల్లలను చులకనగా చూచు తల్లిదండ్రులు ఈ యొక్క సంగతిని మరువరాదు.

మదరాసు ప్రెసిడెన్సీ కళాశాలలో చదువుచున్నప్పుడు ఆయనకు వైరాగ్యము కలిగెను. రామకృష్ణ మఠమున చేరి సన్న్యసింపవలెనని తలచిరి, తల్లి అంగీకరింపలేదు. రోగులకు సేవచేయుటయు తపస్సే యని నిశ్చయించుకొని మదరాసు వైద్య కళాశాలలో ప్రవేశించిరి. కస్తూరి సూర్యనారాయణమూర్తిగారి కుమార్తె శేషగిరిగారిని వివాహమాడిరి. మామగారు అల్లుని చదువునకు ధనసహాయము చేసిరి. అది స్వదేశీ ఉద్యమకాలము. గాంధీమహాత్ముని పిలుపు విని సుబ్బారావుగారు శస్త్రచికిత్సశాలలో సైతము ఖద్దరు అంగీ ధరించిరి. శస్త్రవైద్యాచార్యుడగు బ్రాడ్‌ఫీల్డు దొరకు ఇది రుచింపలేదు. వ్రాతపరీక్షలలో చక్కగా వ్రాసినను సుబ్బారావుగారికి ఎం.బి.బి.ఎస్. పట్టము రాలేదు, దానికి తక్కువదగు ఎల్.ఎం.ఎస్. మాత్రమే లభించెను. ప్రభుత్వ వైద్యశాఖలో ఉద్యోగమునకు ప్రయత్నించిరి, అదియు దొరకలేదు. అప్పుడు డాక్టరు ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్ర ఉపన్యాసకులుగా చేరిరి.

ఆ దినములలోనే ఆయన జీవితమును మలుపుత్రిప్పిన దుఃఖము సంభవించెను. ఆయన సోదరులు పురుషోత్తముగారు, కృష్ణమూర్తిగారు కొలది దినముల వ్యవధిలోనే ఒకరి వెంట నొకరు మరణించిరి. వారిని కబళించినది స్ప్రూ అను గ్రహణీ వ్యాధి. అన్నము ఒంటబట్టదు, రక్తము క్షీణించును, దేహము శుష్కించిపోవును. ఆ వ్యాధికి నాటి పాశ్చాత్య వైద్యులకు మందు తెలియదు. అనంతరము సుబ్బారావుగారికిని అదే వ్యాధి సోకెను. లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్సచే ఆయన బ్రతికి బయటపడిరి. సోదరులను ఏ లోపము చంపెను? తనను ఏ వస్తువు బ్రతికించెను? ఈ రెండు ప్రశ్నలు ఆయనను విడువలేదు. వానికి సమాధానము వెదకుటకే ఆయన అమెరికాకు పోవ నిశ్చయించిరి.

కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకరుగారి ధర్మసంస్థ కొంత, మామగారు కొంత ధనమిచ్చిరి. మూడేండ్లలో తిరిగివత్తునని భార్యతో చెప్పి సుబ్బారావుగారు ఓడ యెక్కి 1922 అక్టోబరులో బోస్టను నగరము చేరిరి. తిరిగి రాలేదు. ఆయన వెళ్లిన పిదప పుట్టిన కుమారుడు పసితనముననే గతించెను. శేషగిరిగారు స్వదేశముననే ఉండిపోయిరి. మహాకార్యములు చేసినవారి చరిత్రములలో ఇట్టి త్యాగము ఒకరిదే యని వ్రాయుట పరిపాటి. న్యాయముగ లెక్కవ్రాసినచో ఇందు సగము ఆ యిల్లాలి పేరనే జమకట్టవలెను.

బోస్టనులో హార్వర్డు విశ్వవిద్యాలయమునకు చెందిన ఉష్ణదేశ వైద్యపాఠశాలలో ఆయన చేరిరి. దానికి అధిపతి రిచర్డు స్ట్రాంగు అను పండితుడు. అతడు ఈ పేదవిద్యార్థియందు దయగలవాడు. భోజనమునకు, బసకు చాలినంత ధనము లేనందున సుబ్బారావుగారు పీటర్ బెంట్ బ్రిగ్‌హాం ఆసుపత్రిలో రాత్రివేళ పనివానిగా కుదిరిరి. పగలు శాస్త్రాధ్యయనము, రాత్రి రోగుల మలమూత్రపాత్రలను శుభ్రపరచుట. ఆ ఆసుపత్రి పేరు ఈ చరిత్రమున మరల వచ్చును గనుక చదువరులు గుర్తుంచుకొందురుగాక.

పిమ్మట ఆయన సైరస్ ఫిస్కు అను ఆచార్యుని పరిశోధనశాలలో చేరిరి. వారిరువురు రక్తములోను మూత్రములోను గల భాస్వరమును కొలుచుటకు ఒక సులభమార్గమును 1925లో ప్రకటించిరి. పరీక్షింపవలసిన ద్రవమున కొన్ని రసాయనములు చేర్చినచో అది నీలవర్ణమును పొందును; నీలము ఎంత గాఢమైన భాస్వరము అంత హెచ్చు. ఫిస్కు-సుబ్బారావు పద్ధతి యను పేర దీనిని జీవరసాయనశాస్త్ర విద్యార్థులు నేటికిని నేర్చుచున్నారు. ఆ కొలతయే దారిచూపగా 1927లో కండరములలోని ఫాస్ఫోక్రియాటిన్ అను పదార్థమును, 1929లో ఏ.టి.పి. యను పదార్థమును వారు కనుగొనిరి. అదే సమయమున జర్మనీలో లోమన్ అను శాస్త్రజ్ఞుడును ఏ.టి.పి.ని వేరుగా కనుగొనెను.

ఏ.టి.పి. యనగా నేమి? గ్రామమున ధాన్యము, ప్రత్తి, పాలు ఎన్ని యున్నను బజారున చెల్లునది నాణెమే. అటులే మనము తిన్న అన్నము, పప్పు, నెయ్యి యన్నియు శరీరములో తుదకు ఈ నాణెముగా మారవలెను. కాలు కదిపినను, గుండె కొట్టుకొన్నను, రోగమును కలుగజేయు క్రిమిని తెల్లరక్తకణము ఎదిరించినను వ్యయమగునది ఇదియే.

1930లో హార్వర్డు ఆయనకు పిహెచ్.డి. పట్టము నొసగెను. కాని శాశ్వతోద్యోగము నీయలేదు. ఫిస్కు అసూయచే సుబ్బారావుగారి మరికొన్ని పరిశోధనలు వెలుగు చూడకపోయెనని, అదే పరిశోధనశాలలో చదివిన జార్జి హిచ్చింగ్సు అను శాస్త్రజ్ఞుడు తరువాతి కాలమున వెల్లడించెను. ఈ హిచ్చింగ్సు పేరును మరల రావలసియున్నది. సుబ్బారావుగారు ఎవ్వరితోను వివాదపడలేదు. 1940లో హార్వర్డును విడిచి న్యూయార్కు రాష్ట్రమునందలి పెర్ల్ రివర్ అను ఊర లెడర్లీ ఔషధ పరిశోధనశాలకు పోయిరి. కొలదికాలములోనే అచటి పరిశోధనల కన్నిటికిని ఆయనయే అధ్యక్షులైరి.

ఇచట ఆయన చిరకాలపు ప్రశ్నకు సమాధానము దొరకెను. అంతకుముందే బొంబాయిలో లూసీ విల్సు అను ఆంగ్ల వైద్యురాలు, మిల్లులలో పనిచేయు పేద గర్భిణీస్త్రీలకు కలుగు ఒకవిధమగు రక్తక్షీణత ఈస్టు సారముచే నయమగునని 1931లో ప్రకటించియుండెను. ఆ సారములోని గుణదాయక వస్తువు ఆకుకూరలలోను కలదని 1941లో అమెరికా శాస్త్రజ్ఞులు పాలకూరనుండి దానిని వేరుచేసి ఫోలిక్ ఆమ్లమని పేరిడిరి. లాటిను భాషలో ఆకునకు ఫోలియం అని పేరు. బండ్లకొలది ఆకునుండి లభించునది చిటికెడు మాత్రమే. సుబ్బారావుగారి నాయకత్వమున లెడర్లీ శాస్త్రజ్ఞుల బృందము 1945లో దీనిని పరిశోధనశాలలోనే తయారుచేసెను. కణము రెండుగా చీలవలెనన్న తన వంశపత్రమునకు నకలు వ్రాసికొనవలెను. ఆ వ్రాతకు కావలసిన సిరా వంటిది ఫోలిక్ ఆమ్లము. అది లేనిచో ఎముకల మూలుగలో క్రొత్త రక్తకణములు సరిగా పుట్టవు. టాం స్పైసు అను వైద్యుడు క్యూబా మొదలగు ద్వీపములలో స్ప్రూ వ్యాధిగ్రస్తులకు దీనినిచ్చి చూడగా మరణమున కెదురుచూచుచున్నవారు కోలుకొనిరి. సోదరుల చితి చల్లారిన పాతికేండ్లకు వారి వ్యాధికి మందు వచ్చెను. నేడు గ్రామములందు గర్భిణీస్త్రీలకు ఇనుముతో కలిపి ఇచ్చుచున్న మాత్రలో నున్నది ఈ ఫోలిక్ ఆమ్లమే.

తరువాతి ఘట్టమే ఆయన చరిత్రమున మిక్కిలి విచిత్రమైనది. బోస్టను బాలల ఆసుపత్రిలో సిడ్నీ ఫార్బరు అను వైద్యుడు లుకేమియా అను రక్తపు క్యాన్సరుతో చనిపోవుచున్న పిల్లలను చూచి పరితపించుచుండెను. ఆ వ్యాధిలో తెల్లరక్తకణములు అదుపు తప్పి పెరిగిపోవును. ఫోలిక్ ఆమ్లము వానికిని ఆహారమే యగుచున్నదని ఫార్బరు గ్రహించెను. అయిన ఆ ఆహారమును ఆపుట యెట్లు? సుబ్బారావుగారి బృందము ఫోలిక్ ఆమ్లమును పోలియుండి దాని పని చేయని పదార్థములను తయారుచేసి పంపెను. భాగవతమున పౌండ్రకుడు కొయ్యచేతులు, కపటశంఖచక్రములు ధరించి నేనే వాసుదేవుడ నన్నట్లు, ఈ కపటపదార్థము ఫోలిక్ ఆమ్లపు వేషముతో కణములోనికి పోయి దాని స్థానమును ఆక్రమించును. నకలు వ్రాయు పని నిలిచిపోవును. ఇట్టి మందులలో ఒకటియగు అమినోప్టెరినును ఫార్బరు 1947 సంవత్సరాంతమున పిల్లలకు ఈయ నారంభించెను. పదునారుగురిలో పదిమందికి వ్యాధి తాత్కాలికముగ వెనుకంజవేసెనని 1948 జూనులో ప్రకటించెను. వ్యాధి మరల వచ్చెను; పిల్లలు దక్కలేదు. కాని బాలల లుకేమియాను మందుచే వెనుకకు నెట్టవచ్చునని లోకమునకు తెలిసినది అప్పుడే. దాని తోబుట్టువగు మెథోట్రెక్సేటు నేడు ఇతర మందులతో కలిసి బాలల లుకేమియాలో అత్యధికులను బ్రతికించుచున్నది.

అయినను ప్రతి ఖర్చునకును ఒక పద్దు ఉండును. కణముల పెరుగుదలను ఆపు మందు దొంగను, దొరను వేరుచేసి చూడజాలదు. చెడిన తెల్లకణములతో పాటు గ్రామమునకు కావలియుండు మంచి తెల్లకణములును తగ్గిపోవును. కావలి తగ్గిన గ్రామమున పొలిమేర దొంగలకంటె ముందుగా లేచువాడు ఊరిలోనే దాగియున్న పాతదొంగ. అట్టి పాతదొంగలలో ముఖ్యమైనది సైటోమెగలో వైరసు. మహాకణములను పుట్టించునది యని ఆ పేరునకు అర్థము.

ఈ వైరసు చరిత్రమును సుబ్బారావుగారు తిరిగిన వీథులలోనే కొంత వ్రాయబడెను. 1881లో జర్మనీ దేశీయుడగు రిబ్బర్టు ఒక మృతశిశువు మూత్రపిండములో, మధ్యమున గుడ్లగూబ కన్నువంటి గుండ్రని మచ్చగల పెద్దపెద్ద కణములను చూచెను; అవి ఏమియో అతనికి తెలియలేదు. 1932లో బోస్టనున ఈ సిడ్నీ ఫార్బరే, వోల్‌బాక్ అను ఆచార్యునితో కలిసి, మరణించిన పసిబిడ్డల లాలాజల గ్రంథులలో అట్టి కణములనే పరీక్షించి వ్రాసెను. 1956, 57 సంవత్సరములలో అమెరికాలో మార్గరెట్ స్మిత్, రో, థామస్ వెల్లరు అను మువ్వురు వేర్వేరుగా వైరసును పట్టి పెంచగలిగిరి. 1960లో దానికి నేటి పేరు పెట్టినవాడు వెల్లరు. ఈ వెల్లరు హార్వర్డు ఉష్ణదేశ ఆరోగ్యశాఖలో అధిష్ఠించిన ఆచార్యపీఠమునకు ఎవరి పేరున్నదో వినిన ఆశ్చర్యము కలుగును. అది సుబ్బారావుగారిని ఆదరించిన రిచర్డు స్ట్రాంగు పేరనే వెలసినది.

ఈ వైరసు మశూచి, కలరాలవలె ఊరిని ఊడ్చునది కాదు. లాలాజలము, మూత్రము, తల్లిపాలు, రక్తము, దాంపత్యము, ఇట్టి మార్గములలో మెల్లగా ప్రాకును. భారతదేశమున పెద్దవారిలో నూటికి తొంబదిమందికి పైగా ఇది ఎప్పుడో సోకినవారే. ఆరోగ్యవంతులకు నాలుగుదినముల జ్వరము, బడలిక రావచ్చును. పెక్కుమందికి అదియు తెలియదు. కాని ఒకసారి ప్రవేశించిన వైరసు మరల వెడలిపోదు. ఎముకల మూలుగలోని కొన్ని కణములలో చేరి నిద్రించును. నలచక్రవర్తి దేహమున ప్రవేశింపగోరి కలిపురుషుడు పండ్రెండేండ్లు వెంటనంటి తిరిగి, ఒకనాటి సంధ్యవేళ రాజు పాదములు కడుగుకొనక ఆచమించిన క్షణమున జొరబడెనని భారతకథ. ఆ కలి బయట వేచియుండెను. ఈ వైరసు ఇంటిలోపలనే వేచియుండును. అంతియే భేదము.

దీనిని నిద్రలేవకుండ కాపాడునది మన రోగనిరోధకశక్తి. ఆ కావలిలో పెక్కు తెగలు కలవు. రక్తములోని ప్రతిరక్షకములు బయట తిరుగు వైరసును పట్టి బంధించును. టి కణములను తెల్లకణములు ఇంటింటి గడపను తనిఖీ చేయును. ప్రతి కణమును తనలో తయారగు మాంసకృత్తుల తునుకలను గడపయొద్ద ప్రదర్శించుట ప్రకృతిధర్మము. అందు వైరసు తునుక కనబడిన ఆ ఇంటిని టి కణములు కూల్చివేయును. ఈ వైరసు మాయావి. గడపయొద్ద ఏమియు ప్రదర్శింపకుండ కణమును అడ్డగించును. అప్పుడు సహజ సంహారక కణములను మరియొక తెగ, ఈ గడప ఏల శూన్యముగ నున్నదని శంకించి ఆ ఇంటిపై పడును. వైరసు వానిని సైతము మోసగింప కపటధ్వజము నెత్తును. ఇట్లు ఎత్తునకు పైయెత్తుగా ఈ పోరు ఆజన్మాంతము సాగుచునే యుండును. ఈ వైరసు సోకిన పెద్దవారి దేహములో పూర్వశత్రువులను జ్ఞాపకముంచుకొను టి కణములలో సుమారు పదవవంతు దీనిని కనిపెట్టుటకే వినియోగపడుచున్నవని శాస్త్రజ్ఞులు లెక్కించిరి. ఒక్క దొంగకై ఊరి కావలిలో పదవవంతు! ఇంత వ్యయము మన మెరుగకయే ప్రతిదినము జరుగుచున్నది.

కావలి ఇంకను ఏర్పడని చోటు గర్భస్థశిశువు. లోకమున సుమారు రెండువందల శిశువులలో ఒకరు ఈ వైరసుతోనే పుట్టుచున్నారు. వారిలో అయిదుగురికి ఒకరు చొప్పున వినికిడి లోపము మొదలగు శాశ్వతబాధలకు గురియగుచున్నారు. పుట్టుకతో వచ్చు చెవుడునకు వంశపారంపర్యము కాని కారణములలో ఇదియే ముఖ్యమైనది. తల్లికి పూర్వమే సోకియున్న అపాయము తగ్గును గాని పూర్తిగా తొలగదు. దీనికి టీకా ఇంకను వాడుకలోనికి రాలేదు. కనుక గర్భిణులు పసిపిల్లల మూత్రవస్త్రములను మార్చిన పిదపను, వారి చొల్లు తుడిచిన పిదపను సబ్బుతో చేతులు కడుగుకొనుట, వారి ఎంగిలి తినకుండుట మేలు. ఎంగిలి కూడదని పెద్దలు పెట్టిన నియమము ఈ విషయమున అక్షరాల సార్థకము.

ఇక బ్రిగ్‌హాం ఆసుపత్రి సంగతి. సుబ్బారావుగారు రాత్రివేళ పాత్రలు కడిగిన ఆ ఆసుపత్రిలోనే 1954లో జోసెఫ్ మర్రే యను వైద్యుడు కవలలలో ఒకరి మూత్రపిండమును రెండవవారికి అమర్చి కృతకృత్యుడయ్యెను. కవలలు కాని వారిలో పరుల అవయవమును దేహపు కావలి శత్రువుగా నెంచి నాశనము చేయును. ఆ కావలిని అణచుటకు అజాథయోప్రిను అను మందు వచ్చిన పిదప 1962లో మర్రే ఆ కార్యమును సాధించెను. ఆ మందును కనుగొన్నవారు సుబ్బారావుగారి సహవిద్యార్థి జార్జి హిచ్చింగ్సు, ఆతని సహచరి గెర్‌ట్రూడ్ ఎలియన్. మూలుగ మార్పిడి చికిత్సలో మెథోట్రెక్సేటును ఇదే పనికి ఉపయోగపడెను. అంతట ఆ దాగిన వైరసు లేచెను. అవయవమార్పిడి జరిగినవారికి ఊపిరితిత్తుల వ్యాధి కలిగించి, వైద్యుడు గెలిచిన ప్రాణమును అది ఎన్నోమారులు అపహరించెను.

దీనికి విరుగుడును కపటవేష సూత్రమునుండియే వచ్చెను. ఎలియన్ పరిశోధనశాలలో పుట్టిన ఎసైక్లోవిరు అను మందునకు దగ్గరి చుట్టమగు గాన్‌సైక్లోవిరు 1989లో అమెరికాలో అనుమతి పొందెను. ఇది వంశపత్రములోని ఒక అక్షరమువలె వేషము దాల్చును. దీనిని మారకాస్త్రముగా మార్చుటకు మొదటి మెరుగు పెట్టునది వైరసు తయారుచేసికొన్న పనిముట్టే. భస్మాసురుడు తన చేతిని తన తలపైననే పెట్టుకొన్నట్లు వైరసు తన నాశనమును తానే సిద్ధపరచుకొనును. 2017లో లెటర్మోవిరు అను మరియొక మందు మూలుగ మార్పిడి జరిగినవారిలో ఈ వైరసును ముందుగనే ఆపుటకు వచ్చెను. హిచ్చింగ్సు, ఎలియన్‌లకు 1988లో నోబెలు బహుమానము లభించెను. సుబ్బారావుగారికి అట్టి సన్మానము ఏదియు కలుగలేదు.

సుబ్బారావుగారి కృషి ఇంతటితో ముగియలేదు. 1947లో ఆయన బృందము డైఇథైల్ కార్బమజీను అను మందును ప్రకటించెను. అది బోదకాలునకు కారణమగు సూక్ష్మక్రిములను రక్తమునుండి తొలగించును. గోదావరి, కృష్ణా మండలములలో బోదకాలు ఎన్ని సంసారములను కుంగదీసెనో పెద్దలకు తెలియును. ప్రభుత్వమువారు బోదకాలు నివారణకై ఇంటింట పంచిన డి.ఇ.సి. మాత్రలు ఈ మందే. ఆయన అధ్యక్షతలోనే లెడర్లీలో డగ్గరు అను వృద్ధశాస్త్రజ్ఞుడు మట్టిలోని బూజునుండి ఆరియోమైసిను అను బంగారువన్నె మందును తీసెను. 1948లో వెలువడిన ఆ ఔషధము టెట్రాసైక్లిను వర్గమునకు మొదటిది.

ఆ సంవత్సరమే, 1948 ఆగస్టు 8వ తేదీన, పెర్ల్ రివర్‌లోని తన గృహమున నిద్రలో సుబ్బారావుగారు గుండెపోటుచే పరమపదించిరి. వయస్సు 53 ఏండ్లు. ఫార్బరు తన ఫలితములను ప్రకటించి అప్పటికి రెండునెలలే. స్వతంత్రభారతమును కన్నులార చూచు భాగ్యము కలుగలేదు. పాతికేండ్లకు పైగా అమెరికాలో నివసించినను ఆ దేశపు పౌరసత్వమును స్వీకరింపలేదు. సభలయందు ముందు నిలుచుట ఆయనకు గిట్టదు. సహచరులను ముందుంచి తాను వెనుక నిలుచుట ఆయన స్వభావము. పద్దు వ్రాసినవాడు సంతకము చేయక పోయినచో సొమ్ము ఎవరి పేర జమయగునో చెప్పనక్కరలేదు. ఒక బూజుజాతికి శాస్త్రజ్ఞులు సుబ్బారోమైసెస్ అని ఆయన పేరుంచిరి. 1995లో శతజయంతి సందర్భమున భారత ప్రభుత్వము తపాలాబిళ్ల వెలువరించెను.

మెథోట్రెక్సేటును నేడు కీళ్లవాతమునకును కొద్దిమోతాదున ఇచ్చుచున్నారు. అది వారమునకు ఒకమారు మాత్రమే తీసికొనవలసినది. దినదినము పొరపాటున మ్రింగినచో ప్రాణాపాయము. గర్భిణులు అసలే వాడరాదు. దాని వెంట వైద్యులు వేరుదినమున ఫోలిక్ ఆమ్లపు మాత్రను సైతము వ్రాయుచుందురు. కపటవేషధారియు, అసలు వస్తువును ఒకే చీటిలో నుండుట చూచి ఆశ్చర్యపడువారు కలరు. రెండింటి వెనుకను ఉన్న హస్తము ఒక్కటే. కావలిని తగ్గించుటయు, కావలిని పోషించుటయు రెండును వైద్యమే. ఏది యెంత, ఎప్పుడు అను తూనికయే ప్రాణము. ఆ తూనికను నేర్చుటకు ఒక మనుష్యుడు ఇల్లు, ఊరు, ఆలుబిడ్డలను విడిచి రాత్రులు పాత్రలు కడిగి పగలు పరీక్షనాళికలను పట్టెను.

గ్రంథాలయమునకు వచ్చు బాలబాలికలలో పరీక్ష తప్పినవారు, పేదరికమున కుంగినవారు, ఇంట మరణము చూచి దిగులుపడినవారు ఉందురు. ఈ మూడును అనుభవించిన ఒక తెలుగువాని పేరు వారు ఎరిగియుండుట మంచిది. బోదకాలు మాత్రను మ్రింగిన వృద్ధుడును, ఇనుపమాత్రను మ్రింగిన గర్భిణియు, లుకేమియానుండి కోలుకొని బడికి పోవు బిడ్డయు ఆయనకు ఋణపడినవారే. ఆ ఋణము ధనముతో తీరునది కాదు. పేరు తలచుకొన్న తీరును.